మామూలుగానే ఉంది

సూళ్లూరుపేట లోకల్లో వచ్చింది నేలవేము,
పోలమ్మ ఒళ్లో, గోనెసంచిలో కూర్చుని.
తడ దాటాక టీసీ అడిగితే
"ఆకుక్కూడా టిక్కెట్టా సామీ" అందట.
తరమణిలో మా గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని నిలవేంబు అన్నాడు.
రిజిస్టర్లో నేను లాటిన్ పేరు రాశాను.
మూడు పేర్లకూ ఒకటే వాసన.

ఎలుకలు ముప్పై.
నలభై అడిగాం, కమిటీ ముప్పైతో సరిపెట్టుకోమంది.
పిక్రిక్ ఆమ్లంలో దూది ముంచి
ఒకదానికి తల మీద, ఒకదానికి వీపు మీద, ఒకదానికి తోక మొదట్లో
పచ్చటి గుర్తు పెట్టాం.
పెళ్లికి నలుగు పెట్టినట్టుంది కదక్కా, అన్నాడు
కొత్తగా చేరిన ఇన్బరసన్.
నవ్వలేదు నేను.
బస్సులో, అడయారు వంతెన మీద, నవ్వొచ్చింది.

సూది కొసన గుండ్రటి పూస ఉంటుంది, గీరుకోకుండా.
మెడ వెనక చర్మం పట్టి, నాలుక మీదుగా,
గొంతు దాటించి, తిన్నగా కడుపులోకి.
చెయ్యి తిరిగితే మూడు సెకన్లు.
తిరగకపోతే ఊపిరితిత్తుల్లోకి.
నా చెయ్యి తిరిగింది.

"వాటికి జొరమా?"
రెండో మూట తెచ్చిన రోజు పోలమ్మ అడిగింది.
లేదన్నాను.
"మరి మందెందుకు?"
మనకు పడుతుందో లేదో చూడ్డానికి.
"మా అమ్మ తాగింది, ఆమె అమ్మ తాగింది.
నేను తాగి నీ ముందర నిలబడుండా. నన్ను రాసుకో."
నిన్ను రాసుకోవడానికి ఫారంలో గడి లేదు పోలమ్మా.
పైగా, తాగి పోయినవాళ్లు వచ్చి చెప్పరు కదా.
ఆమె సంచి దులిపింది. చాలాసేపు దులిపింది.
"మా చిన్నాయన పసరు తాగినాకే పోయినాడు," అంది.
"గాలి సోకిందన్నారు అప్పుట్లో."

జుట్టు: మామూలే. కళ్లు: మామూలే.
వణుకు: లేదు. చొంగ: లేదు. నడక: మామూలే.
ఇరవై ఎనిమిది రోజులు, రోజుకు రెండుసార్లు,
అదే నీలం పెన్ను.
పంతొమ్మిదో రోజు వేళచేరి మునిగింది.
మోకాటి లోతు నీళ్లలో, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాను.
పదిహేడో నంబరు పై కమ్మీల్లోంచి ముక్కు బయట పెట్టి
నా తడి వాసన చూసింది.
దానికి గడి ఉందేమోనని వెతికాను.
మామూలే అని రాశాను.

ఆ వానకే నాకు జ్వరం.
తిరువాన్మియూర్ మలుపులో ఎవరో కుర్రాళ్లు
పేపర్ కప్పుల్లో కషాయం పంచుతున్నారు.
నా బరువు యాభై ఎనిమిది, కప్పు ముప్పై మిల్లీలీటర్లు,
కిలోకి ఎంత?
లెక్క వేయకుండా తాగలేకపోయాను.
చెవుల దాకా చేదు.
సగం కాలవలో ఉమ్మేశాను.
ఎలుక కక్కలేదు. దాని ఒంట్లో ఆ దారి లేదు.

ఇరవై తొమ్మిదో పొద్దున అన్నీ.
ఉత్త జిగురునీళ్లు తాగిన ఆరు కూడా.
కాలేయాన్ని వడపోత కాగితం మీద అద్ది తూచాం.
నున్నగా, ముదురు ఎరుపు, అంచులు పదును.
ఎక్కువ మోతాదుదీ అంతే, నీళ్లదీ అంతే.
ఏమీ లేదని రాయడానికి ముప్పై పొట్టలు తెరిచి చూశాం.
"నల్లదు దానే అక్కా" అన్నాడు ఇన్బరసన్.
వాడి భాషలో మంచిని అలా అంటారు.
నాకు మాత్రం ఎప్పుడూ రంగే వినిపిస్తుంది.

పోలమ్మ డబ్బుల కోసం వచ్చింది.
ఏం కాలేదు, మంచి మందే, అన్నాను.
"నే చెప్పలా?" అంది. తర్వాత,
"తాపినాక బెల్లంముక్క పెట్టినారా?"
వాటికి చేదు తెలీదు, నాలుక మీద పడనివ్వం కదా.
"నాలిక్కి తెలీకుండానా," అంది.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, నడుముకి దోపుకుని,
నాలుగింటి బండికి వెళ్లిపోయింది.

చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.
అయినా పెరుగన్నం చేదుగా ఉంది.
కొంచెం ఉప్పు వేసుకుని తినేశాను.